కొండల్లో వేడి అన్నం వండాలంటే ఏ స్టవ్ కొనాలి?

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలో, సన్నీవేల్‌లో ఉంటాము. సెప్టెంబరు రెండో వారంలో నేను, మావారు, మా మరిది కలిసి యోసెమిటీ నేషనల్ పార్కులోని టువాలమీ మెడోస్ నుంచి లైల్ కాన్యన్‌లోకి నడిచి వెళ్లి రెండు రాత్రులు ఉండాలనుకుంటున్నాము. పర్మిట్ దొరికింది. కారు పక్కన టెంటు వేసుకుని ఉండడం మాకు అలవాటే. అన్నీ వీపున మోసుకుని వెళ్లడం మాత్రం ఇదే మొదటిసారి. స్టవ్ కొందామని దుకాణానికి వెళితే ఇదిగో ఇది రెండు నిమిషాల్లో నీళ్లు మరిగిస్తుంది, అదిగో అది ఇంకా తేలిక అంటూ పది రకాలు చూపించారు. మావారికి రాత్రిపూట వేడి అన్నం లేకపోతే భోజనం చేసినట్టు ఉండదు. మా అమ్మ ఇచ్చిన 3 లీటర్ల కుక్కర్ తీసుకెళదామంటున్నారు. మా మరిది డల్లాస్ నుంచి విమానంలో వస్తూ తన చిన్న స్టవ్, గ్యాస్ డబ్బా తెస్తానంటున్నాడు. పెరట్లో దోసెలు వేసుకునే బ్యూటేన్ స్టవ్ కూడా ఇంట్లో ఉంది. దేన్ని తీసుకెళ్లాలి? ఏ గిన్నెలు కొనాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, దుకాణంలో మీకు చెప్పిన మాటలన్నీ నీళ్లు మరిగించడం గురించే. ఇక్కడ కొండల్లో నడిచేవారిలో చాలామంది వండరు. ఎండబెట్టిన భోజనం సంచిలో వేడినీళ్లు పోసి, పది పదిహేను నిమిషాలు ఆగి తినేస్తారు. వాళ్లకు కావలసింది మరిగిన నీళ్లే కాబట్టి స్టవ్‌లు కూడా ఆ లెక్కనే తయారవుతాయి, ఆ లెక్కనే అమ్ముడవుతాయి. మీరు అన్నం వండుతామంటున్నారు. అన్నానికి, ఉప్మాకు, పప్పుకు కావలసింది సన్నసెగ. పెద్ద మంట పెట్టడం ఏ స్టవ్‌కైనా వచ్చు. మంటను చిటికెడుకు తగ్గించినా ఆరిపోకుండా, గిన్నె అడుగున ఒక్కచోటే కాల్చకుండా నిలబడగలదా అన్నది చూసి కొనండి. అందుకే ముందు ఏం తింటారో తేల్చుకుందాం. దాన్నిబట్టి గిన్నె, గిన్నెను బట్టి స్టవ్ వాటంతట అవే తేలుతాయి.

టువాలమీ మెడోస్ ఎత్తు సుమారు 8,600 అడుగులు. లైల్ కాన్యన్‌లో మీరు టెంటు వేసే చోటు కూడా దాదాపు అంతే, కాస్త ఎక్కువ ఉండవచ్చు. ప్రతి 300 మీటర్ల ఎత్తుకూ నీరు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ సెల్సియస్ తగ్గుతుంది. కాబట్టి అక్కడ నీళ్లు 91 డిగ్రీల దగ్గరే తెర్లుతాయి. మంట ఎంత పెంచినా నీటి వేడి అంతకు మించదు, గ్యాస్ మాత్రం ఖర్చవుతుంది. ఈ వేడిలో బియ్యం ఉడుకుతాయి, కాకపోతే ఓపిక పట్టాలి. కందిపప్పు సంగతి వేరు. మూత పెట్టి చాలాసేపు ఉంచినా పప్పు సరిగా మెత్తబడదు. పచ్చి కందిపప్పును కొండమీద ఉడికించే ఆలోచన మానుకోండి.

అన్నానికి మాత్రం నేను అడ్డు చెప్పను. రోజంతా నడిచి వచ్చిన మనిషి ముందు వేడి అన్నం, కందిపొడి, నెయ్యి పెట్టడం కన్నా మంచి పని లేదు. పద్ధతి ఇలా ఉంటే గ్యాస్ ఆదా అవుతుంది. ముగ్గురికి సరిపడే సోనా మసూరి బియ్యం ఇంట్లోనే కడిగి, గుడ్డ మీద నీడలో పూర్తిగా ఆరబెట్టి, ఒక్కో పూటకు ఒక్కో సంచిలో కట్టుకోండి. అలాగైతే అక్కడ కడుగు నీళ్లు పారబోసే పని ఉండదు. సాయంత్రం చేరగానే, టెంటు వేయడానికి ముందే, బియ్యాన్ని కొలిచిన నీళ్లలో నానబెట్టండి. గ్లాసు బియ్యానికి రెండుంబావు గ్లాసుల నీళ్లతో మొదలుపెట్టి, ఇంటి దగ్గర ఒకసారి వండి చూసి మీ బియ్యానికి తగ్గట్టు సరిచేసుకోండి. అరగంట నానిన తర్వాత మూత పెట్టి తెర్లనివ్వండి. తెర్లగానే సెగను వీలైనంత సన్నగా చేసి ఎనిమిది, పది నిమిషాలు ఉంచి ఆపేయండి. మిగిలిన పని గిన్నెలో ఉన్న వేడే చేసుకుంటుంది. కారు అద్దానికి ఎండ తగలకుండా పెట్టే వెండిరంగు షీటు ఉంటుంది కదా, పాతది ఒకటి కత్తిరించి గిన్నెకు చుట్టూ, పైనా కిందా సరిపోయే తొడుగు చేసుకోండి. మంట ఆపిన గిన్నెను అందులో పెట్టి ఇరవై నిమిషాలు కదపకండి. చలిలో 91 డిగ్రీల గిన్నె నిమిషాల్లో చల్లారిపోతుంది. తొడుగులో ఉంటే మెతుకు లోపలి వరకూ మెత్తబడుతుంది.

గంజి వార్చకండి. అత్తెసరే పెట్టండి. నీళ్లు వృథా, గ్యాస్ వృథా అన్నది ఒక ఎత్తు. ఆ గంజి పారబోసిన చోటుకు రాత్రి ఎలుగుబంటి రావడం మరొక ఎత్తు.

పప్పు లేకుండా ఉండలేమంటే దారి ఉంది. మన పెద్దలు వంకాయ, దోసకాయ, మామిడికాయ ఒరుగులు ఎండబెట్టి దాచినట్టే, వండిన పప్పునూ ఎండబెట్టవచ్చు. ఇంట్లో కుక్కర్‌లో టమాటా పప్పో పాలకూర పప్పో మెత్తగా ఉడికించి, పోపు గానీ నూనె గానీ వేయకుండా డీహైడ్రేటర్‌లో పల్చగా పరచి 57 డిగ్రీల దగ్గర పెళపెళలాడేదాకా ఎండనివ్వండి. నూనె ఉంటే సరిగ్గా ఎండదు, త్వరగా పాడైన నూనె వాసన వస్తుంది. అక్కడ వేడినీళ్లు పోసి పది నిమిషాలు మూత పెడితే మళ్లీ పప్పే. పోపు ఇంట్లో వేసి, చల్లారాక చిన్న సీసాలో విడిగా పట్టుకెళ్లండి. అక్కడ పోపు వేయబోకండి. పల్చటి గిన్నెలో నూనె క్షణంలో కాగి మంటనంటుకుంటుంది, ఇంగువ వాసన కాన్యనంతా పాకుతుంది.

ఉదయానికి వేయించిన బొంబాయి రవ్వలో పోపు, ఉప్పు, ఎండబెట్టిన కరివేపాకు కలిపి తీసుకెళితే నీళ్లు తెర్లాక పోసి కలపడమే పని. అటుకులైతే ఇంకా తేలిక. ఈ రెండింటిలో ఏదైనా టీతో కలిపి పావుగంటలో అయిపోతుంది. మధ్యాహ్నం పొయ్యి వెలిగించకండి. చపాతీలు, పల్లీలు, ఖర్జూరాలతో గడిపేయండి.

ఇప్పుడు గిన్నె. ముగ్గురికి 2 లీటర్ల గిన్నె ఒకటి, టీకి లీటరు గిన్నె ఒకటి, ఒకదానిలో ఒకటి దూరేలా ఉంటే చాలు. దుకాణంలో టైటానియం గిన్నె చేతికిచ్చి ఎంత తేలికో చూడమంటారు. నిజమే, తేలికే. నీళ్లు కాచుకునేవారికి అది మంచి గిన్నె. కానీ టైటానియం వేడిని పక్కలకు పంచదు, పైగా రేకు పల్చన. మంట తగిలిన రూపాయి బిళ్లంత చోట అన్నం మాడిపోతుంది, అంచుల్లో బియ్యం పలుకుగానే ఉంటుంది. మీకు కావలసింది హార్డ్ అనోడైజ్డ్ అల్యూమినియం. అల్యూమినియం వేడిని టైటానియం కన్నా ఎన్నో రెట్లు బాగా పంచుతుంది, అడుగంతా సమంగా కాగుతుంది. పైన ఆ గట్టి పూత ఉండడంతో చింతపండు, టమాటా పులుపుకు లోహం తగలదు. బరువు తేడా వంద, నూటయాభై గ్రాములు. అన్నం తినేవాళ్లకు ఆ బరువు మోయడంలో నష్టం లేదు. స్టీలు గిన్నె ఇంట్లో ఉన్నది చాలదా అని అడుగుతారేమో. టీ గిన్నెగా చాలు. అన్నానికి స్టీలు కూడా టైటానియంలాగే అడుగున మాడుస్తుంది, బరువు మాత్రం ఎక్కువ.

గిన్నె పొడుగ్గా కన్నా వెడల్పుగా ఉండాలి. సన్నటి పొడుగు గిన్నెలో మంట పక్కల నుంచి జారిపోతుంది, గరిటె తిప్పడం కష్టం, ఒరిగిపోయే భయం. అడుగు 14, 15 సెంటీమీటర్లు ఉంటే సరిపోతుంది. మూత బిగుతుగా కూర్చోవాలి. పిడి మడిచేది ఉంటే అది వదులు కాకుండా గట్టిగా నిలుస్తుందో లేదో దుకాణంలోనే గిన్నె నిండా నీళ్లున్నట్టు ఊహించుకుని ఎత్తి చూడండి. లేదా ఇంట్లోని చిన్న పట్టకారు వేసుకోండి. కొన్ని గిన్నెల అడుగున ముడతలు ముడతలుగా రెక్కలు ఉంటాయి. అవి వేడిని పట్టి గ్యాస్ ఆదా చేస్తాయి. వారం రోజుల ప్రయాణానికైతే వాటికి డబ్బు పెట్టమనేదాన్ని. రెండు రాత్రులకు అవసరం లేదు.

అమ్మగారి కుక్కర్ గురించి. దాన్ని తీసిపారేయలేను, ఎందుకంటే ఎత్తులో వంటకు కుక్కర్‌ను మించిన సాధనం లేదు. హిమాలయాల్లో పెద్ద బృందాలు కుక్కర్లు మోయించుకెళ్లడం అందుకే. లైల్ కాన్యన్ ఎత్తులో కూడా కుక్కర్ లోపలి నీరు 110 డిగ్రీలు దాటుతుంది, కందిపప్పు కూడా ఉడికిపోతుంది. కానీ అక్కడ మోసేది కంచరగాడిదలు, పోర్టర్లు. ఇక్కడ మోసేది మీ ముగ్గురి వీపులు. బరువును ఎలాగో పంచుకున్నా ఇంకో చిక్కుంది. మీరు కొనబోయే రకం చిన్న స్టవ్ మీద అంత బరువైన పాత్ర నిలవదు. ఆవిరి నిండిన కుక్కర్ ఎగుడుదిగుడు నేలమీద ఒరిగితే దగ్గర ఆసుపత్రి లేదు, ఫోను పనిచేస్తుందన్న నమ్మకం లేదు. మీవారికి ఈ ముక్క నా మాటగా చెప్పండి. కుక్కర్‌ను ఇంట్లో పప్పు ఎండబెట్టే రోజున వాడండి.

పెరట్లో దోసెల స్టవ్ కూడా ఇంటి దగ్గరే ఉండాలి. బరువు, పరిమాణం అటుంచితే అందులో వాడే పొడుగాటి డబ్బాలో ఉండేది ప్రధానంగా నార్మల్ బ్యూటేన్. అది సముద్రమట్టం దగ్గర సున్నాకు అర డిగ్రీ దిగువనే ఆవిరి కావడం మానేస్తుంది. ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి కొంచెం వెసులుబాటు ఉంటుంది, అయినా మంట నీరసంగానే ఉంటుంది. సెప్టెంబరులో టువాలమీ రాత్రులు సున్నా డిగ్రీల దగ్గరికి దిగుతాయి. పైగా గ్యాస్ బయటికి పోతున్నకొద్దీ డబ్బా తనంతట తాను ఇంకా చల్లబడుతుంది. నడకకు వాడే గుండ్రటి, పొట్టి డబ్బాల్లో ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపి నింపుతారు. ఐసోబ్యూటేన్ సున్నాకు దిగువ 11, 12 డిగ్రీల వరకూ, ప్రొపేన్ సున్నాకు దిగువ 42 డిగ్రీల వరకూ ఆవిరవుతాయి. డబ్బా మీద రాసింది చదివి, ఈ రెండే ఉన్నది కొనండి. చవకగా దొరికే కొన్నింటిలో నార్మల్ బ్యూటేన్ పాలు ఎక్కువ కలుపుతారు. వేసవికి ఫరవాలేదు, మీకు వద్దు.

ఇక స్టవ్. దుకాణంలో మీకు ముందుగా చూపించింది బహుశా జెట్‌బాయిల్ ఫ్లాష్ లాంటిది అయి ఉంటుంది. గిన్నె, బర్నరు ఒకదానికొకటి బిగుసుకునే రకం. నీళ్లు మరిగించడంలో దానికి దాదాపు సాటి లేదు. సన్నసెగ మాత్రం దానికి చేతకాదు, సన్న గొట్టంలాంటి గిన్నెలో అన్నం కలపలేరు. అదే కంపెనీ మినీమో రకంలో రెగ్యులేటర్ ఉంది, గిన్నె వెడల్పు, మంట బాగా తగ్గుతుంది. కానీ దాని గిన్నె ఒక లీటరే. ముగ్గురికి అన్నం రెండు వాయిలు వండాలి.

రెండో రకం గ్యాస్ డబ్బా నెత్తిన నేరుగా బిగించే చిన్న బర్నరు. వంద గ్రాముల లోపు ఉంటుంది, జేబులో పడుతుంది. ఇందులో రెగ్యులేటర్ ఉన్నవి, బర్నరు తల వెడల్పుగా ఉన్నవి ఏరుకోండి. సోటో విండ్‌మాస్టర్, ఎమ్మెస్సార్ పాకెట్‌రాకెట్ డీలక్స్ ఈ కోవలోవి. రెగ్యులేటర్ ఉంటే డబ్బాలో ఒత్తిడి తగ్గుతున్నా మంట కొంత నిలకడగా ఉంటుంది, సెగ సన్నం చేయడం తేలిక. మీ మరిది దగ్గర ఉన్నది ఈ రకమే అయితే, ఏ మోడలో కనుక్కోండి.

ముగ్గురికి, 2 లీటర్ల గిన్నెతో, చలి ఉదయాల్లో అయితే నేను మూడో రకం వైపే మొగ్గుతాను. బర్నరు నేలమీద మూడు కాళ్లతో పరుచుకుని కూర్చుంటుంది, గ్యాస్ డబ్బా ఒక గొట్టంతో పక్కన ఉంటుంది. కోవియా స్పైడర్ అలాంటిది, బరువు 170 గ్రాముల లోపే. గిన్నె నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఒరిగే భయం తక్కువ. గరిటె పెట్టి ఉప్మా కలుపుతున్నప్పుడు ఒక చేత్తో గిన్నెను పట్టుకుని కూర్చోనక్కర్లేదు. గొట్టం చివర మంటలోంచి వెళ్లే చిన్న ఇత్తడి నాళం ఉంటుంది. చలిలో ఆ నాళం వేడెక్కాక డబ్బాను తలకిందులు చేస్తే గ్యాస్ ద్రవంగానే వచ్చి, అక్కడ ఆవిరై మండుతుంది. డబ్బా చల్లబడినా మంట తగ్గదు. తలకిందులు చేసిన తర్వాత మీట తిప్పితే మంట ఆలస్యంగా స్పందిస్తుంది, కాబట్టి అన్నానికి సెగ తగ్గించే వేళ డబ్బాను నిటారుగానే ఉంచండి.

పెట్రోలు వంటి ద్రవ ఇంధనంతో పంపు కొట్టి వెలిగించే స్టవ్‌లూ ఉన్నాయి. మన ఇళ్లలో ఒకప్పుడు బుస్సుమంటూ వెలిగిన కిరోసిన్ పంపు స్టవ్ బాపతే అవి. 1892లో స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ తెచ్చిన ప్రైమస్ పొయ్యి ఆ వంశానికి మూలం. గడ్డకట్టే చలికి, మంచు కరిగించి నీళ్లు చేసుకునే ప్రయాణాలకు ఇప్పటికీ అదే దిక్కు. మీ సెప్టెంబరు నడకకు అది అనవసరపు శ్రమ.

స్పిరిటు పొయ్యి, కట్టెల పొయ్యి ఎవరు సూచించినా వద్దనండి. కాలిఫోర్నియాలో సెప్టెంబరు అడవి ఎండి నిలబడే నెల. 2021లో మంటల భయంతో రాష్ట్రంలోని నేషనల్ ఫారెస్టులను దాదాపు అన్నిటినీ ఆగస్టు 31 నుంచి రెండు వారాలపాటు మూసేశారు. మంటలపై ఆంక్షలు పెట్టినప్పుడు సాధారణంగా అనుమతించేది మీట తిప్పితే వెంటనే ఆరిపోయే స్టవ్‌లనే. స్పిరిటు పొయ్యికి మీట లేదు, ఒలికితే పగటి వెలుగులో దాని మంట కంటికి కనబడదు కూడా. యోసెమిటీలో 9,600 అడుగులు దాటితే చలిమంటలు ఎప్పుడూ నిషేధమే. అంతకు దిగువనైనా ఆ వారం ఆంక్షలేమిటో పర్మిట్ చేతికి తీసుకునేటప్పుడు రేంజరును అడగండి. ఎప్పుడైనా పార్కు దాటి నేషనల్ ఫారెస్టు భూముల్లో వండుకోవాలనుకుంటే, స్టవ్‌కు కూడా కాలిఫోర్నియా క్యాంప్‌ఫైర్ పర్మిట్ ఉండాలి. ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తారు.

మీ మరిదికి ఈ రోజే ఫోను చేసి చెప్పండి. గ్యాస్ డబ్బాను విమానంలో చేతి సంచిలోనూ తీసుకురాకూడదు, చెక్ చేసిన సామానులోనూ తీసుకురాకూడదు. సగం ఖాళీ అయినదైనా అంతే. స్టవ్ తీసుకురావచ్చు, కానీ ఇంధనం చుక్క గానీ వాసన గానీ లేకుండా శుభ్రం చేసి ఉండాలి. గ్యాస్ మీరే బయలుదేరే ముందు మీ ఊళ్లో కొనండి. కొండమీది దుకాణంలో దొరుకుతుందని నమ్ముకోవద్దు.

ఎంత గ్యాస్ కావాలి? మీ వంట మొత్తం లెక్కవేస్తే రెండు రాత్రి భోజనాలు, రెండు ఉదయాలు, మధ్యలో ఒక టీ. అన్నీ కలిపి తొమ్మిది లీటర్ల దాకా నీళ్లు కాగాలి. కొంచెం గాలి ఉన్న చోట లీటరుకు 15 గ్రాములు వేసుకుంటే 135, సన్నసెగకు మరో 40 గ్రాములు. అంటే 227 గ్రాముల డబ్బా ఒకటి హాయిగా సరిపోతుంది, కాస్త మిగులుతుంది. 110 గ్రాముల చిన్న డబ్బా రెండో ఉదయానికే ఆరిపోతుంది. డబ్బాను వంటింటి త్రాసు మీద తూచి ఆ బరువును దానిమీదే మార్కరుతో రాసుకోండి, తిరిగి వచ్చాక మళ్లీ తూచండి. మీ కుటుంబం వంటకు ఎంత గ్యాస్ పడుతుందో ఆ ఒక్క లెక్కతో తెలిసిపోతుంది, తర్వాతి ప్రయాణానికి ఎవరినీ అడగనక్కర్లేదు.

ఈ లెక్కలో తాగునీరు కాచడం లేదు. ఏటి నీటిని తాగడానికి కాచి శుద్ధి చేయాలంటే, 6,500 అడుగులు దాటిన చోట మూడు నిమిషాలు తెర్లించాలని ఇక్కడి ఆరోగ్యశాఖ సూచన. దానికి గ్యాస్ చాలదు. నీటికి వడపోత ఫిల్టరు విడిగా తీసుకెళ్లండి.

వంట చేసేటప్పుడు నేను మరీమరీ చెప్పే జాగ్రత్తలు రెండున్నాయి. మొదటిది గాలి. లోయలో సాయంత్రం గాలి లేస్తే మంట పక్కకు వాలి గ్యాస్ సగం వృథా అవుతుంది. బండ చాటుకు వెళ్లండి. గొట్టం స్టవ్ అయితే బర్నరు చుట్టూ రేకు అడ్డం పెట్టుకోవచ్చు, డబ్బా దానికి బయట ఉండాలి. డబ్బా నెత్తిన బిగించే స్టవ్ అయితే మాత్రం చుట్టూ రేకు కట్టరాదు. వేడి లోపలే నిలిచి డబ్బా పేలగలదు. అదే కారణంతో దాని మీద పెద్ద పెనం పెట్టకూడదు, పెనం కింద వేడి తిరిగి డబ్బా మీదికే కొడుతుంది. వంట మధ్యలో డబ్బాను చేత్తో తాకి చూస్తుండండి. చల్లగా ఉంటే మంచిదే. చెయ్యి చురుక్కుమంటే వెంటనే ఆపండి.

రెండోది ఇంకా ముఖ్యం. టెంటు లోపల వండకండి. చలి అయినా, వాన అయినా, ఒక్క టీయే కదా అనిపించినా వద్దు. మంటలోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగతగా మొదలై, మనిషి లేవలేని స్థితికి వస్తాడు. ఆ తలనొప్పిని ఎత్తు వల్ల వచ్చిందనుకుని పడుకుంటే తెల్లవారేసరికి ప్రాణం మీదికి వస్తుంది. టెంటు గుడ్డ నిప్పంటుకోవడం దీనికి తోడు. వాన పడితే చెట్ల మధ్య ఒక టార్పాలిన్ పట్టా వంచి కట్టి, నాలుగు వైపులా గాలి ఆడే చోట వండండి. అదీ కుదరకపోతే ఆ పూట చల్లటివే తినండి.

యోసెమిటీ అడవిలో రాత్రి ఉండే ప్రతివారూ తిండిని బేర్ క్యానిస్టర్‌లో, అంటే ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బాలో పెట్టాలి, అది నియమం. లేకపోతే పర్మిట్ తీసుకునే చోటే అద్దెకిస్తారు. ముగ్గురికి ఒక పెద్దది, ఒక చిన్నది తీసుకోండి. మన వంటకు ఇది తెచ్చే చిక్కు ఏమిటంటే, బియ్యం, రవ్వ మాత్రమే కాదు, కందిపొడి, ఊరగాయ, పోపు సీసా, నెయ్యి, టూత్‌పేస్టు, తిన్న సంచులు, చెత్త, వాసన ఉన్న ప్రతిదీ అందులో పట్టాలి. బయలుదేరే ముందు రోజు ఇంట్లో సర్ది, మూత పడుతుందో లేదో చూడండి. పెద్ద అట్టపెట్టెల్లోంచి తీసి అన్నిటినీ సన్నటి సంచుల్లోకి మార్చితే చోటు సగం మిగులుతుంది. స్టవ్, గ్యాస్ డబ్బా అందులో పెట్టనక్కర్లేదు. కడిగిన గిన్నెలూ బయట ఉండవచ్చు. కడగని గిన్నె ఉండకూడదు. వంట టెంటుకు దూరంగా చేయండి, వంటప్పుడు వేసుకున్న బట్టలతో పడుకోకండి, అన్నం గిన్నె తొడుగును టెంటులోకి తేకండి.

గిన్నెలు ఏట్లో కడగరాదు. సబ్బు మొక్కల నుంచి తీసినదైనా అంతే. ఏటికి 200 అడుగుల దూరం, అంటే డెబ్బై ఎనభై అంగలు వేసి, అక్కడ కడగండి. ముందు మెతుకులన్నీ వేలితో తుడిచి తినేయడమే మేలు. అడుగంటినదాన్ని కొద్దిగా వేడినీళ్లు పోసి గీకి, ఆ నీటిని పల్చటి గుడ్డలో వడగట్టి, గుడ్డలో నిలిచినది చెత్త సంచిలో వేసి, నీళ్లను విశాలంగా చల్లేయండి. సన్నసెగ మీద వండిన అన్నమైతే ఈ గీకడం చాలావరకు తప్పుతుంది.

కొన్న తర్వాత నేరుగా కొండకు వెళ్లకండి. ఒక శనివారం దగ్గర్లోని పార్కులో, స్టవ్‌లు వాడనిచ్చే చోట, పిక్నిక్ బల్ల దగ్గర కూర్చుని మొత్తం భోజనం ఒకసారి వండండి. మీవారినే వండమనండి. డబ్బా బిగించడం, మరలు సరిగ్గా కూర్చున్నాయా అని చెవి పెట్టి వినడం, మంట తగ్గించడం, గిన్నె దించడం అందరి చేతికీ రావాలి. స్టవ్‌కు నిప్పురవ్వ పుట్టించే బటన్ ఉన్నా చిన్న లైటరు ఒకటి, అగ్గిపెట్టె ఒకటి వేరువేరు సంచుల్లో పెట్టుకోండి. ఎత్తులో ఆ బటన్లు తరచూ మొరాయిస్తాయి.

చివరగా ఒక పూటకు సరిపడా పొయ్యి అక్కర్లేని తిండిని విడిగా కట్టుకోండి. పల్చటి అటుకులు, పాలపొడి, బెల్లం కలిపి పెట్టుకుంటే చల్లటి నీళ్లు పోసినా తినవచ్చు. దారిలో ఆంక్షలు పెరిగి స్టవ్ వెలిగించవద్దన్నా, డబ్బా మర పాడైనా, వాన వదలకపోయినా ఆ సంచి మీ ముగ్గురినీ ట్రెయిల్ బయటికి తెస్తుంది.